వరుస

నా బండి వాసన నాకంటె ముందే ఊర్లకు పోతది.
రుస్తాఖ్ దాటినంక ఎడమకు మట్టిరోడ్డు,
రోడ్డు చివర నూటయాభై ఇండ్లు,
వాటి సెప్టిక్ గుంతలు తోడేటోన్ని నేను.
పేరు లింబాద్రి. బతాకా కార్డుల డ్రైవరని ఉంటది,
ఏం మోస్తనో ఉండది.

మొదటిసారి పోయిననాడు జూన్ ఎండ.
పైపు చుట్టుకుంట చుట్టుకుంట కండ్లు తిరిగి కూలబడ్డ.
రొట్టెల పొగ వాసనొచ్చే చేతులతోని
ఒక ముసలామె సత్తుగ్లాసు అందించింది.
ఫ్రిజ్జు నీళ్లు కావు, బాటిల్ నీళ్లు కావు,
కొండ కడుపుల నడిచి నడిచి చల్లబడ్డ నీళ్లు.
ఇసొంటియి తాగి ఎన్నేండ్లయిందో
నాలుక లెక్క పెట్టుకున్నది.

కాలువ కాపరి హమూద్ అంతా తిప్పి చూపించిండు.
పైన వాదీల రెండు బండల నడుమ మడుగు,
వాన పడ్డ ఏడు నిండుతది, పడని ఏడు ఓపిక పడతది.
మడుగు నుంచి భూమి లోపల సొరంగం,
ఎవరి తాత తవ్విండో ఎవరికీ ఎరుక లేదు.
నీళ్లు బయటికొచ్చి మొదట ఆకాశం చూసే చోట
తాగడానికే ముంచాలె. చెయ్యి గూడ కడగొద్దు.
తర్వాత మసీదు. తర్వాత స్నానాలు.
తర్వాత బట్టలు, పీనుగులు.
అన్నీ అయినంకనే ఖర్జూరం చెట్లు.
"చెట్టు ఎండినా సరే," అన్నడు, "వరుస తప్పదు."
మా తాత నీరటి. తూము కాడనే పండేటోడు.
ఆ మాట నాకు ఏ భాషల చెప్పినా అర్థమైతుండె.

ఫోర్‌మన్ రాజలింగు మెట్‌పల్లి దిక్కోడే, వరుసకు బావ.
రాత్రి పదకొండింటికి ఫోన్ జేసిండు.
"ప్లాంటు కాడ ఇరవై బండ్లున్నయి. డీజిల్ నీ అయ్య ఇస్తడా?
వాదీ మీదికెక్కి వదిలెయ్. ఇసుక తాగేస్తది."
నేను నీళ్లు నమిలిన.
నమిలిన నీళ్లు ఏ మడుగువో నోటికి తెలుసు.

బండి ఎక్కించిన. అబద్ధమెందుకు, ఎక్కించిన.
లైట్లు ఆర్పి వాల్వు మీద చెయ్యి పెట్టిన.
నెలకు నూటముప్పై రియాళ్లు,
ఏజెంటు బాకీ ఇంకా పద్నాలుగు నెలలు,
మూడు కోతలు పడితే ఇంటికే పంపుతరు.
అన్ని లెక్కలూ ఆ వాల్వు మీదనే జేసిన.
ఇసుక తాగుతది, నిజమే.
తాగింది తీసుకపోయి ఎవరికి పోస్తది?
రాళ్ల కింద ఎక్కడనో గులగుల,
కప్పనో, నీళ్లో, సత్తుగ్లాసో.

ప్లాంటు కాడ ఇరవై రెండో బండిగ నిలబడ్డ.
ముందు షఫీకుల్ బండి, ఆయన ముందు పఠాన్ బండి,
తెల్లారేదాంక ఒక్కొక్క గజం.
ఆరు రియాళ్లు కోసిండు బావ.

అక్కడికే అయిపోతే మంచోన్నని మురుస్తుంటి.
నేను కాకుంటె ఇంకొకడు.
వాల్వుకు ఏ చెయ్యైతే ఏంది.
శుక్రవారం నడిచిపోయి హమూద్‌కు చెప్పిన,
వచ్చీరాని అరబ్బీ, చేతులు, ముక్కు మూసుకునుడు.
ఆయన ఒక్క మాటనలే. చెప్పులు తొడుక్కున్నడు.
పొద్దుగూకేదాంక ఊరి పోరగాండ్లు
మడుగు తొవ్వకు అడ్డం బండలు దొర్లించిండ్రు.
నేనూ ఒక బండకు భుజం పెట్టిన.
బల్దియా మనిషొచ్చి ఏందో రాసుకపోయిండు.
రాజలింగు ఇప్పుడు నాతోని మాట్లాడడు,
నా బండి బర్కాకు మారింది, ఆ ఊరు నా రూట్ల లేదు.

ఆ శుక్రవారం మాపటికి గొంతెండుతుంటె
మొదటి చోటి దిక్కు నడిచిన.
ఒక పోరడు అడ్డం నిలబడి నా చేతులు చూసిండు.
తప్పు వాంది కాదు. ఎనకకు మర్లిన.
హమూద్ నా మోచెయ్యి పట్టి
కిందికి, స్నానాల కాడికి తోలుకపోయిండు.
సబ్బిచ్చిండు. కడిగించిండు.
వాసన చూసి మళ్ల కడిగించిండు.
అప్పుడు పైకి తెచ్చి గ్లాసు ముంచిండు.
పోరడు అడిగిండు, ఈయన మనకేమైతడని.
ముసలాయన చెప్పింది నాకు సగమే తెలిసింది.
మిగతాది తాగిన.